పలాస దాటాక మా ఊరు

మధ్యాహ్నం రైల్వే సిగ్నల్ వర్క్‌షాప్‌లో డబ్బా అన్నం తింటూ ఫోన్‌లో ఏదో ఒకటి చదవడం నాకలవాటు. ఆ రోజు చదివింది ఫ్రాన్సులో ఎక్స్ అనే ఊరి పేరు గురించి. అక్కడి ఊటలను చూసి రోమన్లు ఆ చోటిని లాటిన్‌లో ఆక్వే, అంటే ‘నీళ్ళు’ అన్నారు. జనం నోట నలిగింది మాత్రం ఆక్విస్, ‘నీళ్ళ దగ్గర’. ఎక్కడుంటావంటే చెప్పే ఆ జవాబే అరిగి అరిగి ఎక్స్ అయిందట. లాటిన్‌లో ఊరి పేరుకు విడిగా ఏ మాటా తగిలించక్కర్లేదు, చివర మారిస్తే చాలు. మేము పక్క స్టేషనుకెళ్తూ ‘బిల్హా వెళ్తున్నా’ అంటాం, చివర కూడా మార్చం.

సాయంత్రం క్వార్టర్‌లో ఇదంతా చెప్తుంటే నాన్న వినలేదు. ఆయన ధ్యాస ఊరి చివర మోప్కాలో కట్టబోయే ఇంటి మీద ఉంది. పునాదిలో సొంతూరి మట్టి వెయ్యాలని ఆయన పట్టుదల. పుట్టింది బిలాస్‌పూర్‌లోనే అయినా, ఎవరడిగినా “మాది పలాస” అంటాడు.

“పాసు రాయించాను. పలాసలో బండి ఆగుతుంది కదా, దిగి గుప్పెడు మట్టి తీసుకుని ఎక్కేస్తాను,” అన్నాడు.

పక్క వీధి నుంచి వచ్చిన మా మేనత్త పకపకా నవ్వింది. “ప్లాట్‌ఫారం మట్టి పునాదిలో ఏస్తావేటిరా?”

“మనూరు పలాసే కదప్పా! నాన్న ఎప్పుడూ పాసు మీద అదే రాసీవోడు,” అన్నాడు నాన్న తన అక్కతో.

“రైలు ఆగీది అక్కడే మరి. పాసు మీద ఇంకేటి రాస్తాడు? చిన్నప్పుడు అమ్మతో ఎల్లీదాన్ని. పలాసలో దిగి, ఎడ్లబండెక్కి, ఏరు దాటితే అప్పుడు మనూరు.”

నాన్న ముఖం వాడిపోయింది. “దాని పేరేటి?”

“పేరెవులికి కావాలి? ఊరెల్తన్నాం అనీవోలం.”

నాకు ఆక్విస్ గుర్తొచ్చింది. అక్కడ బతికినవాళ్ళకు అది ఉత్త నీళ్ళ దగ్గర. మా వాళ్ళకు ఉత్త ఊరు. పాసు మీదికి ఎక్కింది మాత్రం స్టేషను.

“దారి గుర్తుందా, అత్తా?”

“ఏటి గట్టు దాకా తీసుకెల్లండి అల్లుడూ. అక్కణ్ణించి నేను సూపిస్తాను.”

పెళ్ళయిన అత్తకు నాన్న పాసు చెల్లదు. జీవితమంతా పాసు మీదే తిరిగిన మనిషి, నా ఫోన్ వైపు చూసి మెల్లగా అడిగాడు:

“ఒరే, టికెట్ ఎలా కొంటారు?”