కొమురయ్య కాక మూర

మా కొమురయ్య కాక లోకంలో ఉన్న ప్రతిదాన్నీ మూరలతో కొలిచేవాడు. సోలాపూరు సాఖర్‌పేటలో, రాజారాం సావుకారు కార్ఖానాలో, ముప్పై ఏళ్ళుగా ఆయన పని ఒక్కటే. నేతగాళ్ళు తెచ్చిన చీరల్ని మోచేయి నుంచి నడివేలి కొస దాకా తన చేత్తో కొలిచి తీసుకోవడం. పగలంతా చీరలు కొలిచిన చెయ్యి సాయంత్రమైనా ఊరుకోవాలి కదా! ఊరుకునేది కాదు. ఎదురుగా ఏది ఉంటే దాన్ని కొలిచేది.

ఒకసారి మా పక్కింట్లో పెళ్ళిచూపులకు ఆయన్ని పెద్దమనిషిగా పిలిచారు. పెళ్ళికొడుకు నిలబడి తల వంచుకుని చాయ్ తాగుతుంటే కాక వెనక నుంచి వెళ్ళి మడమ దగ్గర మొదలుపెట్టి తలపాగా దాకా కొలిచేశాడు.

"మూడు మూరల బెత్తెడు," అని అందరికీ వినబడేలా ప్రకటించాడు.

పిల్లవాడి తండ్రికి మండింది. "ఏందయ్యా ఇది? వీడు పెండ్లికొడుకా, కప్పుకునే చాదరా?"

"చాదరైతె ఫికర్ లేదు. తక్కువైతె వాపస్ ఇస్తరు," అన్నాడు కాక, ఏ మాత్రం తొణక్కుండా.

సంబంధం ఎలాగో కుదిరింది. పెళ్ళిపీటల మీద ఆ పిల్లవాడు కాక కనబడినప్పుడల్లా మెడ సాగదీసి కూర్చునేవాడు.

మరోసారి పుణె నుంచి ఎవరో పెద్దాయన వచ్చి పేటలో రెండు గంటల సేపు ఉపన్యాసం ఇచ్చాడు. కాక ఇంటికి వచ్చేసరికి ఆయన భార్య యల్లమ్మ చిన్నమ్మ గడపలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఎట్లుండె ఉపన్యాసం?" అని అడిగింది.

"తొమ్మిది మూరలు. అండ్ల రెండు మూరలే నేత. కడమ ఏడు మూరలు గంజి."

గంజి ఎక్కువ పెట్టిన గుడ్డ దుకాణంలో అట్టలాగా నిలబడుతుంది, ఒక్క ఉతుకుతో పీలికలైపోతుంది. నేత తెలిసినవాళ్ళ దగ్గర అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"మరి నువ్వు మాట్లాడేదో?"

"నాది ఉత్త నేతనే."

"అవ్, నీ నేత వినీ వినీ నా చెవులు చినిగినయి," అని చిన్నమ్మ మళ్ళీ బీడీ ఆకు అందుకుంది.

ఇలాంటి మనిషి చేతికి నా చదువు చిక్కింది. 1938లో నేను బీఏ ముగించాను. మా పేటలో అది వింత కాబట్టి నెల రోజులు అందరూ నన్ను చూడ్డానికి వచ్చారు. బొంబాయి వెళ్ళి ఎమ్మే చెయ్యాలి, మనవాళ్ళు తెలంగాణా వదిలి సోలాపూరుకు ఎందుకు వచ్చారో పరిశోధించి థీసిస్ రాయాలి, ఇదీ నా కోరిక. మా నాయన దగ్గర మగ్గం తప్ప ఏమీ లేదు. పేటలో నేతగాళ్ళ పిల్లల కోసం ఒక విద్యా సహాయ సంఘం ఉండేది. నెలకు పదిహేను రూపాయలు ఇచ్చేవాళ్ళు. దానికి అధ్యక్షుడు రాజారాం సావుకారు. సభ్యుల్లో కొమురయ్య కాక ఒకడు. కార్ఖానా నడవలో నన్ను నిలబెట్టి అడిగారు.

"ఏం చదువుతవు బిడ్డా?" అన్నాడు కాక.

తెలుగులో పరిశోధన అంటే అర్థం కాదేమోనని మరాఠీ మాట వాడాను. "సంశోధన చేస్త కాకా. శోధ్, శోధ్!"

మరాఠీలో శోధ్ అంటే వెతుకులాట కూడా. కాక మొహం జాలిగా పెట్టాడు.

"అయ్యో! ఏం పోయింది?"

"ఏం పోలేదు కాకా."

"పోకుంటె ఎందుకు దేవులాడుతవు? అది కూడ బొంబాయి దాక పోయి!"

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి పేటలో ఆడవాళ్ళందరికీ నేను ఏదో పారేసుకున్నవాణ్ణి. నీళ్ళ దగ్గర ఎదురైతే చాలు, "దొరికిందా బిడ్డా?" అని అడిగేవాళ్ళు. ఒక ముసలమ్మ మంత్రించిన నిమ్మకాయ కూడా ఇచ్చింది.

సావుకారు మాత్రం నవ్వలేదు. "మగ్గం మీద మనిషి పని చేసిండంటె గుడ్డ కండ్లకు కనపడుతది. బొంబాయిల ఈయన చదువుతుండో చౌపాటి సముద్రం ఒడ్డుకు తిరుగుతుండో మనకెట్ల తెలవాలె?"

"అదేం పెద్ద ముచ్చట సావుకార్? రాసిన కాయితం తెస్తడు, నేను కొలుస్త," అన్నాడు కాక.

అలా పడింది షరతు. మూడు నెలలకు ఇరవై మూరలు రాసి తేవాలి. తగ్గితే సహాయం బంద్. ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి నియమం ఉండి ఉండదు. నేను మనసులోనే లెక్క వేసుకున్నాను. కాగితం పొడవు ముప్పావు మూర. ఇరవై ఏడు కాగితాలు నింపితే గండం గడిచినట్టే.

మొదటి మూడు నెలలకు ఇరవై ఏడూ పట్టుకుని రైలు దిగాను. చీరలు పరిచే చోట కాగితాలు వరుసగా పరిచాను. కాక మోకాళ్ళ మీద పాక్కుంటూ ఒక కొస నుంచి ఇంకో కొసకు కొలిచాడు. ఆయనకు చదువు రాదు, ఇంగ్లీషు అసలే రాదు. కానీ పదో కాగితం దగ్గర ఆగి కళ్ళద్దాలు సవరించుకున్నాడు.

"ఏందిరా ఇది? అక్షరానికీ అక్షరానికీ నడుమ మేక దూరుతది. ఇంత పలచటి నేత ఎవరు కడతరు?"

సంగతి నిజమే. కాగితాలు నిండాలని పెద్ద పెద్ద అక్షరాలు రాశాను. సావుకారు ముందు నా పరువు పోయింది. "పహిలా దఫా గనుక మాఫ్," అన్నాడు కాక.

రెండోసారి చీమల బారులాగా రాసుకు వెళ్ళాను. ఈసారి కాక, "చదివి తెలుగుల చెప్పు," అన్నాడు. చెబుతూ పోయాను. "ఫలానా దొరగారు ఏమన్నారంటే..." అని మూడు కాగితాలు వరుసగా చెప్పేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"ఈ మాట నీదా, ఆయనదా?"

"ఆయనదే కాకా. పుస్తకంలో ఉంది."

"అయితె ఇది అరువు పోగు. అరువు పోగు కొలతల తీసుకోం. తియ్యి!"

"కాకా, చదువులో ఇట్లనే రాస్తరు..."

"మీ తాత సోలాపూరుకు ఎట్లొచ్చిండో చెప్పేటందుకు విలాయతి దొర ఎందుకురా? ఆయన చూడ వచ్చిండా? మీ చిన్నమ్మను అడుగు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మూడు కాగితాలు తీసేయక తప్పలేదు. వాటికి బదులు మరో మూడు అక్కడికక్కడే రాసిస్తేనే నెల డబ్బులు అన్నాడు. తిట్టుకుంటూ యల్లమ్మ చిన్నమ్మ గడపలో కూర్చున్నాను. ఆమె బీడీలు చుడుతూనే చెప్పింది. కరువు వచ్చిన ఏడు ఆమె అత్త కరీంనగర్ వైపు నుంచి నడిచి వచ్చిందట. ఇంట్లో సామానంతా వదిలేసి మగ్గంలో అడ్డపోగు నడిపే నాడె ఒక్కటి కొంగులో కట్టుకుని వచ్చిందట. దారిలో ఏ ఊళ్ళో మగ్గం కనబడితే ఆ ఊళ్ళో నాలుగు రోజులు నేసి, తిండి తిని, మళ్ళీ నడిచేదట. "నాడె ఉంటె ఏ ఊరైన మన ఊరే అనేది మా అత్త," అంది చిన్నమ్మ. ఏ పుస్తకంలోనూ ఈ ముక్క లేదు. వెతుకుతున్నది దొరికిందని నాకు ఆ రోజే తెలిసింది. కాక ముందు మాత్రం ఒప్పుకోలేదు.

మూడోసారి అసలు గండం వచ్చింది. ముప్పై ఆరు కాగితాలు రాసి గర్వంగా మా ప్రొఫెసరుకు చూపించాను. ఆయన ఎర్ర పెన్సిలు పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. చిన్నమ్మ అత్త కథ మీద ఒక్క గీత పడలేదు. మిగతా చోట్ల రక్తం పారింది. కొట్టివేతలన్నీ పోగా శుభ్రంగా తిరగరాస్తే ఇరవై కాగితాలు తేలాయి. అంటే పదిహేను మూరలు! ఐదు మూరలు తక్కువ.

రాకరాక ఆ సమయంలోనే మిల్లు చీరలు వచ్చిపడి పేటలో సరుకు కదలడం మానేసింది. సంఘానికి చందాలు రావడం లేదు. ఎవరిదో ఒకరి సహాయం ఆపాలని సావుకారు సాకు వెతుకుతున్నాడని మా నాయన చెప్పాడు. "ఆపితె ఆపనీ. పోరా, మగ్గం ఖాళీనే ఉన్నది," అని కూడా అన్నాడు. థీసిస్ ముగియడానికి ఇంకా నాలుగు నెలలు. కొలత అయ్యాక ఆ రాత్రి బండికి బొంబాయి వెళ్ళడమో, మర్నాడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టడమో తేలిపోవాలి.

కార్ఖానా నడవలో ఇరవై కాగితాలు పరిచాను. వరుస చూడగానే తక్కువని గుడ్డివాడికైనా తెలుస్తుంది. సావుకారు గద్దె మీద ముందుకు జరిగి కూర్చున్నాడు. కాక వంగాడు. మొదటి కాగితం మీద మోచెయ్యి ఆనించాడు. కాక చేతి వేళ్ళు మెల్లగా ముడుచుకుని పిడికిలయ్యాయి. పిడికిలి సరిగ్గా కాగితం అంచున ఆగింది.

"ఒకటి," అన్నాడు కాక గంభీరంగా. "రెండు. మూడు..."

కాగితానికొక మూర చొప్పున ముందుకు పోయి, "ఇరవై! బరాబర్," అని లేచి నడుం పట్టుకున్నాడు.

"కొమురయ్యా," అన్నాడు సావుకారు. "నీ పిడికిలి మూసి ఉన్నది."

కాక తన చేతిని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. "ముసలితనం సావుకార్. మనిషి ముడుచుకపోతడు."

"అచ్ఛా? అగో ఆ సందుగలకెల్లి ఇనుప గజంబద్ద తే."

పెట్టెలోంచి గజంబద్ద వచ్చింది. దానికి ముసలితనం లేదు. ఏడున్నర గజాలు, అంటే పదిహేను మూరలని కచ్చితంగా చెప్పింది. "బస్. షరతు షరతే," అన్నాడు సావుకారు. నేను కాగితాలు ఏరసాగాను.

"ఎందుకు తక్కువైందిరా?" కాక నా మీద విరుచుకుపడ్డాడు.

"ముప్పై ఆరు రాసిన కాకా. ప్రొఫెసర్ కొట్టేసిండు," అన్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ. సంచిలోంచి ఎర్ర గీతల కాగితాలు తీసి చూపించాను.

కాక వాటిని లాక్కుని వెలుతురు వైపు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ మొహం విప్పారింది.

"సావుకార్! ఇదా సంగతి! ప్రొఫెసర్ ఈని గుడ్డ ఉతికిండు!"

"ఏందీ?"

"చూడుండ్రి, గంజి అంత పోయింది. గంజి పోయినంక గుడ్డ కురచ అయితది గద! కొలత ఎప్పుడైన ఉతకక ముందుది. ముప్పై ఆరు కాయితాలంటె ఇరవై ఏడు మూరలు. షరతుకు ఏడు మూరలు ఎక్కువ నేసిండు పోరగాడు!"

సావుకారు ఎర్ర గీతల కాగితం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. కొస నుంచి కొస దాకా ఒక్క వాక్యం కూడా మిగలని కాగితమది. "దేవా! ఇంత ఉతుకుతరా బొంబాయిల?"

"రాయి మీద వేసి కొట్టిండు సావుకార్," అన్నాను.

సావుకారు మీసం కదిలింది. ఆపుకోవాలని చూశాడు కానీ ఆగలేదు. గద్దె అదిరేలా నవ్వాడు. "సరే, రాసుకోండ్రి. ఉతకక ముందు ఇరవై ఏడు. సహాయం జారీ!"

బయట అరుగు మీద చిన్నమ్మ కాక కోసం జొన్నరొట్టెల మూట పట్టుకుని కూర్చుని ఉంది. అంతా వింది. నేను కాక కాళ్ళకు దండం పెట్టి, "నా వల్ల ముప్పై ఏండ్లల మొదటిసారి దొంగ కొలత కొలిచినవు కాకా," అన్నాను.

చిన్నమ్మ పకపకా నవ్వింది. "మొదటిసారా? ఓరి పిచ్చోడా! చీర నాలుగు వేళ్ళు తక్కువైతె సావుకారు కూలి కోస్తడు. మగడు పోయిన ఆడది తక్కువ చీర తెచ్చిందనుకో, ఈయన పిడికిలి మూసుకుంటది. దీపావళికి కార్ఖానల బట్ట పంచినప్పుడు చూడు, అదే చెయ్యి వేళ్ళు దాటి సాగుతది. ఎవరికి ఎంత మూర కావాల్నో చూసుకుంటందుకే ఎక్కడికి పోయిన అందరిని కొలుస్తడు. పేటంతకు ఎరుకే. సావుకారు ఒక్కనికే తెల్వదు."

ఇన్నేళ్ళు ఈయన్ని చూసి నవ్వుకున్నందుకు నాకు సిగ్గేసింది. కాక చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"సావుకారుకు తెల్వదా? ఆ ఇనుప గజంబద్ద నేను కొలువుల చేరకముందు నుంచి ఆ సందుగలనే ఉన్నది. మరి ముప్పై ఏండ్లు నా చెయ్యి ఎందుకు వాడిండే?"

చిన్నమ్మ రొట్టెల మూట ఆయన ముందు పెట్టింది. పెళ్ళైనప్పటి నుంచి మాటలో ఆయన గెలవడం అదే మొదటిసారి అనుకుంటాను. కాక నా పక్కన కూలబడి కుడి చెయ్యి నా ఒళ్ళో పెట్టాడు.

"ఇరవై సార్లు మూసి మూసి కొయ్యబారినయి. ఆ వేళ్ళు జర గుంజు బిడ్డా."

ఒక్కొక్క వేలే లాగాను. ప్రతి వేలికీ టప్పుమని చప్పుడు. చప్పుడైనప్పుడల్లా కాక "అబ్బా" అంటుంటే మేం ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం.