సరిపోయిన పలకను దింపించిన ఆంతెల్మ్

ఆంతెల్మ్ షవాన్ పేరు వింటే ఇప్పటికీ నా చేతిలో అట్లకాడ ఆగిపోతుంది. ఈ రోజు మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆయన చలవే.

నేను తూలోన్‌లో ఓడల కార్ఖానా గేటు ముందు సెనగపిండి అట్లు అమ్ముతాను. మా ఆయన ఇలారియన్ లోపల ఓడ చెక్కల సందుల్లో జనపనార దట్టించి తారు పోసేవాడు. నల్లసముద్రం యుద్ధంలో పేలే గుండ్లు తగిలి చెక్క ఓడలు తగలబడిపోయాక, ఓడకు ఇనుప తొడుగు వెయ్యమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. బెత్తెడు మందం పలకలు రోన్ నది మీదుగా దిగాయి. వాటిని వంచడానికి ఆంతెల్మ్ కూడా దిగాడు.

మావాళ్లకు ఆయన పొడ గిట్టలేదు. ఇనుమొస్తే నారవాళ్లలో సగం మందిని ఇంటికి పంపేస్తారని అప్పటికే గుసగుసలు.

"ఏమయ్యా, ఇనుము ఈదుతుందని మీ ఊళ్లో ఎవడు చెప్పాడు?" అనేవాడు నారవాళ్ల మేస్త్రి తుస్సాన్ మావ.

"ఈదడానికి మీ చెక్క ఉందిగా! దెబ్బలు తినడానికే నా ఇనుము. ముందు నన్ను అట్టు తిననీ," అనేవాడాయన.

కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. ఓడ ఒంపుకు తగ్గట్టు చెక్కతో అచ్చు చేస్తారు. పలకను కాల్చి దాని ప్రకారం వంచుతారు. బిగించాక అది సరిగా కూర్చోలేదని దింపితే, వంచినవాడు ఆ అచ్చును భుజాన పెట్టుకుని కార్ఖానా అంతా నడవాలి. అందరూ సుత్తులు మోగిస్తూ గేలి చేస్తారు. ఆంతెల్మ్ ఏనాడూ అచ్చు మొయ్యలేదు. ఆ గర్వం ఆయన మీసంలోనే కనిపించేది.

నాకు నొప్పులొచ్చిన రోజు ఇలారియన్ పని మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. మిగతా సందు జతగాడు పూర్తిచేస్తాడని ఈయన అనుకున్నాడు, పూర్తయిందని అతను అనుకున్నాడు. మర్నాడు వెళ్లేసరికి దాని మీద పలక బిగించేశారు. లోపల నార లేదు, తారు లేదు. నీళ్లు దూరి చెక్క కుళ్లినా ఇనుము వెనకాల ఎవరికీ కనబడదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది, చెప్పకపోతే ఓడలో ఉన్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. ఇంటికొచ్చి పసిపిల్ల పక్కన కూర్చుని ఏడ్చాడు. చివరికి, పలక దింపించగలిగేది ఆంతెల్మ్ ఒక్కడేనని ఆయన దగ్గరికే వెళ్లాడు.

ఆయన తిట్టాడట, నోటికొచ్చినట్టు. తిట్టి తిట్టి, "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడిగాడట.

"ఆడపిల్ల."

"సరే, నోరు మూసుకుని నార సిద్ధం చేసుకో."

నేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్లి, "ఆ పలక సరిగ్గా వంగలేదు, తప్పు నాదే, దింపించండి," అన్నాడు. దింపారు. దాన్ని మళ్లీ కొలిమికి తీసుకెళ్లే నెపంతో ఆయన ఆలస్యం చేస్తుంటే ఇలారియన్ ఆ సందు నింపేశాడు. ఆ తర్వాత ఆంతెల్మ్ అచ్చు భుజానికెత్తుకుని నడిచాడు. అందరికంటే గట్టిగా సుత్తి మోగించింది తుస్సాన్ మావే.

ఆదివారం పిల్లకు బాప్తిస్మం. చర్చిలో పిల్లను ఎత్తుకుని నిలబడే జ్ఞానపితగా ఆంతెల్మ్‌ను పిలిచాం. చర్చి మెట్ల మీద తుస్సాన్ మావ పకపకా నవ్వాడు. "అచ్చు మోసినవాడు తప్ప ఇంకెవరూ దొరకలేదేంట్రా?"

ఇలారియన్ ముఖం ఎర్రబడింది. వద్దని ఆంతెల్మ్ తన చెయ్యి పట్టుకుంటున్నా వినలేదు. "పలక బాగానే ఉంది, మావా. నార పెట్టనిది నేను," అని జరిగిందంతా చెప్పేశాడు. తుస్సాన్ మావ ఇంజనీరుకు ఒక్క మాట చెబితే మా బతుకు వీధిపాలే.

తుస్సాన్ మావ టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఆంతెల్మ్ ఎదుట తల వంచాడు. "ఈ మాట ఈ మెట్లు దాటదు. నా సుత్తి చప్పుడు మన్నించు, తమ్ముడూ."

ఆంతెల్మ్ ఏదో అనబోయేలోపే నేను పిల్లను ఆయన చేతుల్లో పెట్టాను.

"ఎవరైనా కింద చెయ్యి పెట్టండర్రా," అన్నాడు, "నా చేతులు వణుకుతున్నాయి."