అమ్మ బరువు మీద బిగించిన బోల్టులు

మా మెకానిక్ మామ చనిపోయాడని గుడియాత్తం బస్టాండులో షేర్ ఆటో అన్న చెప్పాడు. నేను నమ్మలేదు. ఏ మాటనైనా ఒక్కసారికే నమ్మే అలవాటు నాకు లేదు. షెడ్డు దాకా నడిచి వెళ్ళాను. మూసిన షట్టర్ మీద ఆయన ఫోటోతో నివాళి పోస్టరు అంటించి ఉంది. నిజమే.

ఆయన మాకు బంధువు కాదు. మామ అని పిలిచేదాన్ని, అంతే.

అమ్మకు వెన్నెముక ఆపరేషన్ అయ్యాక వారానికొకసారి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. మా కారు ఇరవై ఏళ్ళది, నడిపేది నేను. దారిలో కే.వి.కుప్పం దగ్గర వంపుల్లో దాని వెనక భాగం ఒక పక్కకు విసిరేది. వెనక సీట్లో అమ్మ తలుపు పిడి పట్టుకొని, నొప్పికి పళ్ళు బిగపట్టేది. షెడ్డుకు తీసుకుపోతే, మామ కారు వెనక నిలబడి, రెండు చేతులతో నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో చూశాడు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బోల్టుల చుట్టూ ఉండే రబ్బరు బుష్షులు అన్నీ మార్చి కొంచెం గట్టి రకం వేద్దామన్నాడు.

అన్నీనా? పాతవాటికే రంగు పూసి మళ్ళీ బిగిస్తారని ఎక్కడో చదివాను. మీరు నవ్వుకోవచ్చు, ముందురోజు సాయంత్రం కారు కింద దూరి పాత సామాన్ల మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టాను. మరునాడు షెడ్డులో స్టూలు వేసుకొని, పుస్తకం తెరుచుకొని కాపలా కూర్చున్నాను.

"ఏమమ్మా, పొద్దున్నించీ ఒకే పేజీలో ఉండావే?" అన్నాడు కారు కిందనుంచి.

కొత్తవి ఎక్కించి జాకీ దించాడు. బోల్టులు ఇంకా వదులుగానే ఉన్నాయి. దొరికిపోయాడు అనుకున్నాను.

"మామా, బోల్టులు బిగించలేదు."

"గాల్లో వేలాడే బండి అబద్ధం చెప్తాదమ్మా. అప్పుడు బిగిస్తే, నేల మీదికి దిగినాక రబ్బరు మెలిపడి చీలిపోతాది. అమ్మను రమ్మను."

అమ్మ ఆటోలో వచ్చింది. కారును షెడ్డులో కిందనుంచి పనిచేసే గుంత మీదికి తోసి, ఆమెను వెనక సీట్లో ఎప్పుడూ కూర్చునే పక్కనే కూర్చోబెట్టి, తను గుంతలోకి దిగాడు.

"ఏమప్పా, కారు బాగుచేస్తావా, నన్ను తూకం ఏస్తావా?" అంది అమ్మ.

"రెండూనక్కా. కదలొద్దు."

ఆమె బరువు మీద ఒక్కొక్క బోల్టూ బిగించాడు. తర్వాత పాత సామాన్లను నా ముందు వరుసగా పెట్టాడు, ప్రతి ఎర్రచుక్కా నాకు కనబడేలా తిప్పి. నేను తల ఎత్తలేకపోయాను.

"రంగు బాగుండాది. అయితే కనబడే చోట పెట్టినావు. మోసం చేసేవాడైతే గోకేసి ఉండేవాడు. ఈ తూరి లోపలి పక్క పెట్టు." ఆ గొంతులో కోపం లేదు. "నన్ను నమ్మి బండి నడపొద్దు తల్లీ. నీ కళ్ళతో చూసుకొని నడుపు."

ఆ మాటనూ అనుమానించాను. వేలూరులో ఇంకొక మెకానిక్‌కు చూపించాను. అతను టార్చి వేసి చూసి, "ఎవరమ్మా చేసినారు? నేను చెయ్యడానికేం లేదు" అన్నాడు.

అనుమానపడటం కూడా సరిగ్గా ఎలాగో నేర్పిన మనిషి మామ. ఆయనకు క్షమాపణ చెప్పాలని రెండుసార్లు షెడ్డు ముందు కారు ఆపాను. రెండుసార్లూ టైర్లలో గాలి చూడమని మాత్రమే అడిగాను. చూసి, "ఇంకేమమ్మా?" అన్నాడు. "ఏం లేదు మామా" అని వచ్చేశాను.

నిన్న అమ్మను వేలూరుకు తీసుకుపోయాను. కే.వి.కుప్పం వంపు తిరుగుతూ అద్దంలోకి చూశాను. అమ్మ నిద్రపోతోంది. ఒడిలో ఆమె అరచేయి పైకి తెరుచుకొని ఉంది, దేన్నీ పట్టుకోకుండా.