రెండో పేజీలో తూము

నాకు రాయడం వచ్చని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదు, నాకు నేనే ఎప్పుడో ఇచ్చుకున్నాను. బందరులో చదువుకునే రోజుల్లో వ్యాసరచన పోటీ ఎక్కడ పెట్టినా స్టీలు గిన్నె నాదే. మా చర్చిలో క్రిస్మస్‌కి చదివే స్వాగతపత్రం కూడా నా చేతిదే. తొంభైల చివర్లో దివిసీమలో ఒక కాలవల ఆఫీసులో గుమస్తాగా చేరినప్పుడు, పాపం ఈ ఆఫీసుకి ఇన్నాళ్లకి మంచి తెలుగు వచ్చింది అనుకున్నాను.

రోజూ పొద్దున్నే బస్సెక్కి, చల్లపల్లిలో మారి వెళ్లేదాన్ని. ఆఫీసంటే రెండు గదులు. పెద్ద గదిలో మా ఇంజనీరు గారు, చిన్న గదిలో నేనూ, టైపు మిషనూ, తలుపు సరిగా పడని బీరువా. కాలవ గట్ల మీద తిరిగి తూములు ఎత్తడం, దించడం లస్కర్ల పని. వాళ్లు వచ్చి నోటితో చెప్పింది నేను కాగితం మీద పెడితే, ఇంజనీరు గారు చూసి ఆర్డరు వేసేవారు. వాళ్ల మాటల్ని ఉన్నవి ఉన్నట్టు పెట్టడం నాకు నామోషీగా ఉండేది.

జూలైలో ఒక సోమవారం మా పెద్ద లస్కరు సైకిలు గోడకి ఆనించి లోపలికొచ్చాడు. రిటైరవడానికి ఇంకో ఎనిమిది నెలలుంది ఆయనకి.

"అమ్మాయిగారూ, చివరి తూము కాడ గుర్రపుడెక్క అడ్డం పడిపోయిందండి. చుక్క నీళ్లు కిందకి దిగట్లా. నారుమళ్లు నెర్రెలు తీస్తన్నాయి. బుధవారం లోపు మనుషుల్ని పెట్టి తీయించకపోతే నారు ఉండదండి" అన్నాడు.

ఇంతకంటే బాగా చెప్పడం ఎవరి తరమూ కాదని ఇవాళ నాకు తెలుసు. ఆ రోజు మాత్రం, ఇది మాట్లాడే మాట, రాసే మాట కాదు అనుకున్నాను. మిషన్‌లో కాగితం ఎక్కించి, తమ పర్యవేక్షణలో కాలువల నిర్వహణ సంతృప్తికరముగా సాగుచున్నదని మొదలుపెట్టాను. వర్షాల సంగతి, గట్ల సంగతి, పైనుంచి వదిలిన నీటి సంగతి రాసేసరికి మొదటి పేజీ నిండిపోయింది. రెండో పేజీ అడుగున, చివరి తూము వద్ద కించిత్ అవరోధము ఏర్పడినట్లు తెలియవచ్చుచున్నది, తమ వీలునుబట్టి పరిశీలింప ప్రార్థన అని ముగించాను. పెద్దవాళ్ల ముఖాన చెడ్డకబురు చెప్పకూడదని మా వైపు అందరికీ ఉండే మర్యాదే నాకూ ఉంది. గోరంతను కొండంత చేసేవాళ్లుంటారు. నేను కొండంతను గోరంత చేశాను.

ఇంజనీరు గారు మొదటి పేజీ సగం చదివి, మూల మీద సంతకం పెట్టి జీపెక్కారు. కాగితం ఫైల్లోకి వెళ్లిపోయింది.

గురువారం కాలవ చివరి ఊరి నుంచి పదిమంది వచ్చారు. వాళ్లలో ఒకావిడ కౌలుకి చేసుకునే మనిషి. ఎండిపోయిన నారు కట్టని ఇంజనీరు గారి బల్ల మీద పెట్టింది.

"రెండెకరాలకని పోశానండీ. మొత్తం ఇట్టాగే అయిపోయింది. ఇప్పుడేం నాటమంటారు?" అంది.

"నాతో ఎవరూ చెప్పలేదే!" అన్నారాయన. ఆయన అబద్ధమాడలేదు. అప్పటికప్పుడు మనుషుల్ని పంపి తూము బాగుచేయించారు, సాయంత్రానికి నీళ్లు దిగాయి. మిగిలినవాళ్ల నారు చాలావరకు తేరుకుంది. ఆవిడది తేరుకోలేదు. ఘంటసాల వైపు నుంచి మిగులు నారు తెచ్చుకుని ఆలస్యంగా నాట్లేసుకుంది.

మర్నాడు పెద్ద లస్కరుకి మెమో వచ్చింది. తూము మూసుకుపోయిన సంగతి ఎందుకు చెప్పలేదో సంజాయిషీ ఇమ్మని. ఆ మెమో టైపు చేసింది నేనే. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ రోజు నేను నోరు మెదపలేదు. నాకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు.

శనివారం ఆయన మెమో మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "నాకు సంతకం తప్ప రాదు గదమ్మా. సంజాయిషీ మీరే రాసిపెట్టాలి. రిటైరయ్యే ముందు ఈ మచ్చ ఉంటే పింఛను కాగితాలు ఆపేస్తారంట. నేను సోమవారమే చెప్పాను, మీరు రాశారు. అదే రాయండి."

నా మీద ఆయనకి రవ్వంత అనుమానం లేదు. ఫైలు తీసి, నా ఉత్తరం మొదటి నుంచీ చదివి వినిపించాను. చేతులు కట్టుకుని విన్నాడు.

"బావుందమ్మా. మరి తూము సంగతేది?"

"వస్తుంది బాబాయ్. రెండో పేజీలో ఉంది" అన్నాను. అలా అంటుంటే నామీద నాకే ఒళ్లు మండింది.

కొత్త కాగితం ఎక్కించాను. చివరి తూము మూసుకుపోయిందని లస్కరు సోమవారం ఉదయం నాతో చెప్పాడు. బుధవారం లోపు తీయించకపోతే నారు పోతుందని కూడా చెప్పాడు. ఆ సంగతి మీకు అర్థమయ్యేలా నేను రాయలేదు. అంతే, మూడు వాక్యాలు. కింద నా సంతకం కూడా పెట్టాను.

చదివి వినిపిస్తే ఆయన కంగారుపడ్డాడు. "ఆ చివరిది తీసేయండమ్మా, మీ మీదకొస్తది."

"తీసేస్తే నీ మీదే ఉంటుంది బాబాయ్."

ఇంజనీరు గారు దాన్ని నిలబడే చదివేశారు. నా కాగితం ఒకటి ఆయన చివరిదాకా చదవడం అదే మొదలు. పాత ఉత్తరం తెప్పించుకుని, పేజీ తిప్పి, తూము ఎక్కడుందో వెతుక్కున్నారు. చాలాసేపు పట్టింది.

"లస్కరు మెమో రద్దు చేస్తున్నానని టైపు చేయండి. ఆ తర్వాత మీకొకటి" అన్నారు.

మొదటిది హాయిగా టైపు చేశాను. రెండోది ఆయనే నడుస్తూ చెప్పారు. "సదరు గుమస్తా విధినిర్వహణయందు తగు శ్రద్ధ వహింపకపోవుటచే రైతులకు కొంత అసౌకర్యము కలిగినట్లు గమనించడమైనది..."

నా వేళ్లు ఆగిపోయాయి.

"సార్, ఇందులో నేను చేసిన తప్పేంటో తెలియట్లేదండి. కొంత అసౌకర్యం కూడా కాదండి. ఆవిడ నారు పోయింది."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. తిడతారనుకున్నాను.

"అయితే మీరే రాయండి" అన్నారు.

రాశాను. తూము మూసుకుపోయిందని తెలిసి కూడా మీరు ఆ సంగతి స్పష్టంగా రాయలేదు. దానివల్ల ఒక కౌలు రైతు నారంతా ఎండిపోయింది. ఇకముందు ఇలా జరిగితే మీ మీద చర్య తీసుకుంటాను.

ఆయన రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టి నా చేతికిచ్చారు. "ఇకనుంచి నేను పైకి పంపే కాగితాలు కూడా ముందు మీరొకసారి చూడండి" అన్నారు.