ఒక్క రింగుకే తెగిన ఫోను

కావేరిని తెలివితక్కువదని అనేవాళ్ళు ముందు ఆమెతో ఒక్కరోజు గడిపి చూడాలి. గిద్దలూరు దాటి ఎరగని పిల్ల హవల్దారు హేమసుందర్ వెంట బయల్దేరి, పద్నాలుగేళ్ళలో నాలుగు కంటోన్మెంట్లలో కాపురం పెట్టింది. ట్రంకుపెట్టెల్లో ఇల్లంతా సర్దడం, కొత్త ఊళ్ళో బడిసీటు కోసం ప్రిన్సిపాల్ గది ముందు గంటల తరబడి కూర్చోవడం, క్వార్టరు గోడలకి చెమ్మ దిగితే ఆఫీసువాళ్ళ వెంటపడి సున్నం వేయించుకోవడం, అన్నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చింది. ఇప్పుడుండే ఢిల్లీ కంటోన్మెంటులో కూరగాయల బండివాడు ఆమెకు ఒక ధర, పక్కింటికి ఒక ధర చెప్పాలంటే జంకుతాడు. అలాంటి మనిషి దొంగలు పెట్టిన యంత్రంతో ఇరవై మూడు నిమిషాలు మాట్లాడింది. ఎందుకు మాట్లాడిందో విన్నాక నవ్వగలిగినవాళ్ళు నవ్వుకోవచ్చు.

అసలు తగాదా దీపావళి వెళ్ళిన వారానికి మొదలైంది. సరిహద్దు కొండల మీద పోస్టులో ఏడాది చేసి సెలవు మీద వచ్చిన హేమసుందర్, తిరిగి వెళ్ళే రోజు పొద్దున బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, ఇంకో ఆరు నెలలు అక్కడే ఉంటానని రాసిచ్చానని చెప్పాడు. రాసి నెల దాటిందట. ఇంట్లో ఒక ఆడమనిషి ఉందనీ, ఆమెను ఒక మాట అడగాలనీ ఆయనకు తోచలేదు. కావేరికి ఒళ్ళు మండిపోయింది.

"అట్లయితే ఆడనే ఉండిపోండి. మీరు ల్యాకుండా బతికేది మాకు అలవాటైపోయింది" అనేసింది.

ఆయన తాళ్ళు ముడేసి లేచాడు. బ్యాగు భుజానికెత్తుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. అందులోనూ సిపాయి భార్య నోట, కొండలకు పోయే మనిషితో, ఆ మాటా! సాయంత్రానికే ఆమెకు గుండెలో రాయి పడినట్టయింది.

ఆ పోస్టులో మామూలు ఫోన్లు పనిచేయవు. అందరికీ కలిపి ఒకే శాటిలైట్ ఫోను, సైన్యం లైను కాబట్టి దానికి చేసినా ఖర్చు తక్కువే. దాన్నుంచి వచ్చే నంబరు ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు, ముందు ఒక ప్లస్ గుర్తు, వెనక తలాతోకా లేని అంకెలు. వాతావరణం బాగాలేకపోతే ఒక్క రింగుకే తెగిపోతుంది. అందుకే ఆ క్వార్టర్లలో ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. తెగిన నంబరుకు వెంటనే తిరిగి చేస్తారు, వెనక లైన్లో ఉన్న జవాను ఫోను అందుకునేలోపు. అప్పుడు కూడా చాలాసార్లు గరగరమనే శబ్దమే వినిపిస్తుంది. "నీ మాట నాకు చేరతాది. నా మాటే నీకు రాదు. నువ్వు మాట్లాడతానే ఉండు" అని హేమసుందరే ఒకప్పుడు నేర్పాడు.

ఆయన వెళ్ళిన పదహారో రోజు, మంగళవారం మధ్యాహ్నం, అలాంటి ఫోనే వచ్చింది. ఒక్క రింగు. కావేరి పిండి చేతులతోనే తిరిగి చేసింది. గరగర. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని అన్నీ చెప్పింది. పాప లెక్కల మార్కులు, గీజరు పాడవడం, ఊళ్ళో అత్తమ్మ మోకాలి నొప్పి. చివరికి, "ఆ పొద్దు నేనన్న మాట మనసులో పెట్టుకోవద్దండీ. కోపంలో అన్నా. మీరు ల్యాకపోతే నాకేముండాది" అంది. గరగర సాగింది. ఆయన వింటున్నాడనుకుంది. కళ్ళు తుడుచుకుని, తేలికపడిన మనసుతో లేచి చపాతీలు ఒత్తుకుంది.

ఆ తర్వాత పదకొండు రోజులు హాయిగా నిద్రపోయింది. పన్నెండో రోజు బిల్లు వచ్చింది. నెలకు నాలుగువందలు దాటని ఫోనుకు పదకొండువేల ఆరువందలు.

సదర్ బజార్లో ఫోను కంపెనీ దుకాణం నడిపే రాజీవ్ కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. మొత్తం డబ్బంతా ఒకే కాల్‌కు. మంగళవారం, ఇరవై మూడు నిమిషాలు. "దీదీ, యే ఫౌజ్ కా నంబర్ నహీ హై" అన్నాడు, సైన్యం నంబరు కాదని. ఎక్కడో సముద్రం మధ్య దీవుల దేశానిదట ఆ నంబరు. ఒక్క రింగిచ్చి కోసేస్తారట. మనం తిరిగి చేస్తే గరగరమనే రికార్డు వేసి వదిలేస్తారట. లైను బాగాలేదనుకుని మనుషులు హలో హలో అంటూ పట్టుకునే ఉంటారు, నిమిషానికి ఇంతని వాళ్ళ వాటా వాళ్ళకు పోతుంది. నెలకు పదిమంది వస్తారు దీదీ ఇలా, మీరు సిగ్గుపడకండి అని కూడా అన్నాడు పాపం, మంచివాడు.

కావేరికి సిగ్గు వేయలేదు. డబ్బు సంగతి కూడా తోచలేదు. బల్ల అంచు పట్టుకుంది. ఆ మంగళవారం ఫోను ఆయనది కాదంటే, ఆయన గొంతు ఆమె చెవిన పడి ఇరవై ఎనిమిది రోజులైంది. తను చెప్పుకున్న క్షమాపణ దొంగ రికార్డుకు చేరింది. కొండ మీద ఉన్న మనిషి చెవిలో మాత్రం ఇంకా అక్కడే ఉండిపొమ్మన్న మాటే ఉంది.

రాజీవ్ రెండు దారులు చెప్పాడు. ఫిర్యాదు రాస్తే డబ్బు తగ్గవచ్చు, కానీ అది తేలేదాకా ఆ ఫోను నుంచి బయటికి కాల్ పోదు. లేదా బిల్లు కట్టేసి, ఇలాంటి ప్లస్ నంబర్లన్నీ బంద్ చేయించుకోవాలి. "బంద్ కర్ దూఁ?" అని అడిగాడు.

"బంద్ చేస్తే మా ఆయన ఫోను?"

అది కూడా రాదు.

"ఖులా రఖో భయ్యా", తెరిచే ఉంచమంది కావేరి. పాప సైకిలుకని దాచిన డబ్బు తీసి బిల్లంతా కట్టింది. దొంగకు దక్షిణ ఇచ్చి దండం పెట్టినట్టే అది. ఆమెకూ తెలుసు. కానీ తలుపు తెరిచి ఉండాలి కదా.

యూనిట్ ఆఫీసులో అడిగితే, మంచు పడి దారి మూసుకుపోయింది, లైన్లు సరిగా లేవు, చెడ్డ కబురు ఏదీ లేదు కాబట్టి నిశ్చింతగా ఉండమన్నారు. నిశ్చింత అనే మాట ఇచ్చిపుచ్చుకునే సరుకైతే ఎంత బాగుండేదో. ఆమె ఫోను కొంగున ముడేసినట్టు వెంట తిప్పుకుంది. స్నానాల గదిలో కిటికీ మీద, వంట దగ్గర ఉప్పు డబ్బా పక్కన.

ఒకసారి చిక్కిన ఇంటిని దొంగలు వదులుతారా? నాలుగు రోజుల్లో ఆరు ఫోన్లు, అన్నీ ఒక్క రింగువే. ప్రతిదానికీ ఆమె ప్రాణం గొంతులోకి వచ్చేది. పైఅంతస్తులో ఉండే సుబేదారు భార్య లీలావతి, కరీంనగర్ ఆమె, ఒట్టు వేయించుకుంది. "గవన్నీ దొంగ నంబర్లే చెల్లే. నువ్వు మల్ల చేసినవనుకో, నా మీద ఒట్టు. మీ ఆయనకు అవసరముంటే ఆయనే మల్ల చేస్తడు, ఆగు జర."

ఆరింటికీ కావేరి చెయ్యి కట్టేసుకుంది. ఏడోది శుక్రవారం పదకొండు గంటలకు వచ్చింది. ఒక్క రింగు. లీలావతి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కావేరి ఆ నంబరు వంక చూసింది. ఇదీ దొంగదే అయితే మళ్ళీ వేలు పోతాయి. ఆయనదైతే? నొక్కేసింది. లీలావతి తల కొట్టుకుంది.

గరగర.

ఈసారి ఆమె మాట్లాడలేదు. ఒకసారి మోసపోయిన నోరు అది, ఇక ముందుగా తెరుచుకోదు. ఊపిరి బిగబట్టి వింది. అవతల మనిషి ఉంటే వాడే మాట్లాడాలి. పది లెక్కపెట్టింది. ఇరవై. గరగర తప్ప ఏమీ లేదు. "కోసెయ్ చెల్లే, పైసలు పోతున్నయ్" అని లీలావతి చెయ్యి లాగింది. ముప్పై దాకా లెక్కపెట్టి కావేరి కోసేసింది. దొంగముండాకొడుకులని తిట్టి, చిక్కుడుకాయల చాట దగ్గరికి లాక్కుంది.

పదినిమిషాలకు ఫోను మళ్ళీ మోగింది. ఒకటి, రెండు, మూడు. తెగలేదు. ఎత్తింది గానీ మాట్లాడలేదు.

"ఏమే, ఎందుకు కోసేసినావు? అంతసేపు అరస్తానే ఉండా, పలకవేమి?" అన్నాడు హేమసుందర్.

లీలావతి చేతిలోని చిక్కుడుకాయ కింద పడిపోయింది.

"వెనక ఎనిమిదిమంది ఉండారు, నిమిషమే ఉండాది. నువ్వు కోసేస్తానే నాకు దిగులైంది కావేరీ. ఇంగా నా మీద కోపం పోలేదేమో అనుకున్యా. నెల్రోజులుగా అదే ఆలోచన."

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన అంత పొడుగు మాట ఎన్నడూ మాట్లాడలేదు. దొంగలకు ఇరవై మూడు నిమిషాలు దోచిపెట్టిన ఆడమనిషికి మొగుడి కోసం మిగిలింది ఒక్క నిమిషం, అందులోనూ సగం అయిపోయింది. పాప మార్కులు, గీజరు, మోకాలి నొప్పి, అన్నీ పక్కకు నెట్టేసింది.

"కోపం ల్యాదు. ఆ మాట నాది కాదు. మీరు ఇంటికి రావాల, అంతే. మీరు ల్యాకపోతే నాకేముండాది?"

అవతల గరగర మొదలైంది. అచ్చం ఆ మంగళవారం నాటి గరగరే. కావేరి ఫోను చెవికి నొక్కిపట్టి నిలబడిపోయింది. చేరిందా? మళ్ళీ గాలిలో కలిసిపోయిందా?

గరగర మధ్యలోంచి ఆయన గొంతు సన్నగా వచ్చింది.

"ఇంగోసారి జెప్పు."

కావేరి చెప్పింది. కింది అంతస్తులోని పంజాబీ వాళ్ళకు సైతం వినబడేలా, లైను పూర్తిగా చచ్చిపోయేదాకా, ఆ తర్వాత కూడా ఒకసారి, అరిచి చెప్పింది.