తలెత్తని అభిమాని

పొద్దంతా తలెత్తి, పొడవాటి గడకు కట్టిన కొడవలితో పామాయిల్ గెలలు కోసే పగిడయ్యకు సాయంత్రానికి మెడ పైకి లేవదు. అందుకే అశ్వారావుపేట టీకొట్టులో గోడమీద ఎత్తున పెట్టిన టీవీని అతను చూడడు, టీ గ్లాసు మీదికి వంగి వింటాడు. ఆ రోజు సినిమా అవార్డుల కార్యక్రమం. వయసులో ఉన్నప్పుడు ఏ హీరో కటౌటుకు దండ వేయడానికి పగిడయ్య వెదురు బొంగులెక్కాడో, ఎట్టకేలకు ఆ హీరోనే ఉత్తమ నటుడన్నారు. కొట్టంతా ఈలలు.

"గీ సినిమాకేందే? పాత సినిమాలకే ఇయ్యాలె!" అన్నాడు తోటి కూలీ రాంబాబు. "నువ్వు చెప్పు పగిడన్నా. జర తలెత్తి చూడు, మనోడే!"

పగిడయ్య మెడ రుద్దుకుంటూ హీరో మాటలు చివరిదాకా విన్నాడు.

"చూసుడెందుకురా, గొంతు ఇనవడ్తలేదా? ఆయన గూడ మస్తు అలిసిండు. ఇచ్చిండ్రు గదా, జల్దీ ఇంటికి పంపియ్యరాదా."