పైతేట పారబోసిన రోజు

తిరుపతిలో ఈ మధ్య ఏ టిఫినంగడికి వెళ్లినా సాంబారు గరిటె గిన్నె అడుగును చూడటం మానేసింది. పైపైన తేరిన నీళ్లే ఇడ్లీ మీదికి వస్తున్నాయి. "అడుగునుంచి పొయ్యప్పా" అనాలనిపిస్తుంది, అనను. అడుగు మీద నాకున్న భక్తి చదువుకునే రోజుల్లో ఒకసారి బయటపడి, నన్ను తగినంతగా గౌరవించింది.

అప్పుడు నేను బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ. మా ల్యాబులో పరిశోధన చేస్తున్న సీనియరక్క పచ్చి బొప్పాయి పాలలోంచి ఒక ప్రొటీనును విడదీసేది. పాలు కలిపిన నీళ్లలో ఒక పాలిమరు, కాస్త ధారాళంగా ఉప్పు కరిగించి, అడుగున కొళాయి ఉన్న గాజు గరాటులో కదపకుండా ఉంచితే, ఆ నీళ్లే రెండు పొరలవుతాయి. ప్రొటీను ఒక పొరలోకి చేరి చిక్కబడుతుంది. (ఏ పొరలోకి అన్నది అడిగి తెలుసుకోవలసిన సంగతి. నేను అడగలేదు.) ఆ పాల కోసం ఆమె కాణిపాకం దగ్గర వాళ్ల మామ తోటలో తెల్లవారుజామునే కాయలకు గాట్లు పెట్టేది, పాలు తగిలి వేళ్ల చర్మం ఊడిపోయింది. మర్నాడు తోట కొట్టేస్తున్నారు గనుక అవే ఆఖరి పాలు. అవి పోతే థీసిస్ ఆగినట్టే.

"గరాటు సూస్తా ఉండప్పా. పొరలు తేరినాక పిలువు. చెయ్యి మాత్రం పెట్టొద్దు" అని ఆమె గైడు గదికి వెళ్లింది. పొరలు తేరాయి. పిలవడం మరీ చిన్నపని అనిపించింది. మా అమ్మ రాగులు రుబ్బి, వడగట్టి, పైతేట పారబోసి, అడుగున దిగినదాన్నే గంజి కాచేది. సరుకన్నది అడుక్కే దిగుతుందని ఆ గంజి తాగే వయసులోనే నేర్చుకున్నవాణ్ణి. గరాటు కొళాయి తిప్పి కింది పొరను బీకరులో పట్టి, పై పొరను సింకులో పోశాను. శుభ్రత కోసం గరాటును సబ్బుతో కూడా కడిగాను.

అక్క రాగానే బీకరు చేతికిచ్చాను.

"పైది యాడ?"

"పారబోసినానక్కా. ఒట్టి తేటే."

ఆమె సింకులోకి చూసింది. "ప్రొటీను పారబోసి ఉప్పునీళ్లు దాచిపెట్టినావే అబ్బా!" అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త సుఖంగా ఉండేది. వెంటనే మామకు ఫోను చేసింది. "మామా, ఒక్కరోజు తోట కొట్టొద్దు."

"కూలోళ్లకు చెప్పేసినానే తల్లీ... సర్లే, ఒక సాలు చెట్లు ఉంచుతాలే."

మర్నాడు గాట్లు పెట్టడానికి నేనూ వెళ్లాను. ఎండెక్కేసరికి నా వేళ్లూ మండసాగాయి. ల్యాబుకు తిరిగొచ్చాక, నాకు చేతనైనంత వినయంగా, "అక్కా, ఈసారి పొరలు నేను జాగ్రత్తగా తీస్తాను" అన్నాను.

"నువ్వు గాజుసామాను కడుగప్పా. అదీ, లోపల ఏముండాదో నేను సూసినాకే."